నెత్తిమీది మట్టిపెడ్డ

చిన్నరాములు చేసిన అన్యాయాన్ని బాలప్ప రోజూ పొద్దున వేపపుల్లతో పాటు నమిలేవాడు. నమిలి నమిలి, చెంబెడు నీళ్లతో నోరు పుక్కిలించి, పడమటి గోడ వైపు తిరిగి గట్టిగా ఉమ్మేవాడు. గోడ అవతల చిన్నరాములు కట్టిన మూడంతస్తుల బిల్డింగు. చిట్కుల్‌లో కంపెనీ పనివాళ్లకు గదులు కిరాయికిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, బాలప్ప కంటికి మాత్రం అదొక్కటే బిల్డింగు. పొద్దు వాలేసరికి దాని నీడ గోడ దూకి వచ్చి ఆయన వాకిట్లో మంచం వేసినంత మేర పరుచుకునేది. "భూమి తిన్నడు. ఇగ ఎండ గూడ తింటున్నడు" అనుకుంటూ మంచాన్ని తూర్పుకు జరుపుకునేవాడు. జరుపుకుంటూ జరుపుకుంటూ మంచం ఎప్పుడో వీధిలోకి వచ్చేసింది.

ఆ పొద్దున కూడా వేపపుల్ల నోట్లో పెట్టాడో లేదో, పెళ్లాం బీరమ్మ వచ్చి చటుక్కున లాగేసింది.

"నమలొద్దన్నరు గద! దవడలు గూడ పనిచెయ్యొద్దంట. చెప్పిన మాట ఒక్క దినమన్న వింటవా?"

"పండ్లు తోముకోవద్దా మరి?"

"నీళ్లు పోసుకొని ఉమ్మెయ్యి. ఎట్లా నీకు కావల్సింది ఉమ్ముడే గద."

బాలప్పకు యాభై దాటి మూడేళ్లు. పొట్టి మనిషి. మెడ మొదటి నుంచీ లేదో, ఇన్నేళ్లు స్టీరింగు వెనక కూర్చుని లోపలికి దిగిపోయిందో తెలియదు. కిటికీ వైపున్న కుడిచెయ్యి ఎండకు మాడి కుండ పెంకులా ఉంటే, ఎడమచెయ్యి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు చామనఛాయలో ఉండేది. నాలుగో తరగతిలో బడి మానేశాడు. ఆ తర్వాత ఎడ్లు, ట్రాక్టరు, లారీ, చివరికి పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ బస్సు. పొద్దున షిఫ్టు వాళ్లను సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర ఎక్కించుకుని కంపెనీ గేటులో దింపడం, సాయంత్రం అదే దారిన వెనక్కి. గొంతు మాత్రం దేవుడు మనిషి కొలతకు ఇవ్వలేదు. హారన్ చెడిపోయిన రోజున బాలప్ప కిటికీలోంచి తల బయట పెట్టి ఒక్క కేక వేస్తే ముందున్న ట్యాంకర్ పక్కకు జరిగేది.

బస్సులో ఆయన తల పైన ఒక రేకు పలక ఉండేది: డ్రైవరుతో మాట్లాడరాదు. పనివాళ్లు ఆ మాటకు కట్టుబడే ఉండేవాళ్లు. డ్రైవరు మాట్లాడరాదని అందులో రాసి లేదు కదా.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో మొదలయ్యేది కథ. అక్కడ తాత ఇద్దరు కొడుకులకు మెట్ట చెలక పంచేవాడు. కంది వచ్చేసరికి తాతా లేడు, కొడుకులూ లేరు, మనవలకు గెట్టు తగాదా, హద్దు ఎక్కడని. రుద్రారం దగ్గర సర్వేయరు వచ్చేవాడు. వచ్చి, చినిగిపోయిన పాత నక్షాను నాలుగు వైపులా తిప్పి చూసి, కోడికూర తిని, మీలో మీరే తేల్చుకోండని పోయేవాడు. ఇస్నాపూర్‌లో పెద్దమనుషులు కూర్చునేవాళ్లు. ముత్తంగి దగ్గర అసలు ఘట్టం. కంపెనీ గేటు దగ్గర బాలప్ప హ్యాండ్ బ్రేకు లాగి, "ఎంత పోయింది? మూడు గుంటల పదకొండు గజాలు!" అనేవాడు. అప్పుడు గానీ ఎవరూ దిగేవాళ్లు కాదు. ఇస్నాపూర్ చౌరస్తాలో జామ్ అయిన రోజున పెద్దమనుషులు అరగంట అదనంగా కూర్చోవాల్సి వచ్చేది.

ఆ ఊరి పద్ధతి ఇది. కాగితాలు తేల్చని గెట్టును కాళ్లు తేల్చాలి. ఇద్దరిలో పెద్దవాడు తడిబట్టలతో, ఆ నేలలోని మట్టిపెడ్డనే నెత్తిన పెట్టుకుని, నోరు మెదపకుండా ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. అతను నడిచిందే గెట్టు. అబద్ధం నడిస్తే ఆ మట్టే మింగుతుందని నమ్మకం. నడకలో నోరు తెరిస్తే మాత్రం ఆ నడక చెల్లదు, వంతు రెండోవాడిది. చిన్నరాములు బాలప్పకు చిన్నాయన కొడుకు, వరసకు తమ్ముడు. కాబట్టి మొదటి వంతు బాలప్పదే.

తుమ్మచెట్టు దగ్గర బయలుదేరాడు. మోటబావి దాటాడు. కాలువ తూము కనిపిస్తూనే ఉంది. అప్పుడు కంటి చివర పడ్డాడు చిన్నరాములు. గట్టు మీద గొంతుక్కూర్చుని, పల్లికాయలు ఒలుచుకు తింటున్నాడు. భూమి పోతోందని బెంగ లేదు, భయం లేదు. పొట్టు ఊదుతున్నాడు, గింజ నోట్లో వేసుకుంటున్నాడు. బాలప్పకు ఒళ్లు మండిపోయింది.

"ఏందిర, పెండ్లికొచ్చినవా?" అన్నాడు.

అంతే. నోరు తెరుచుకుంది, పెడ్డ కింద పడింది. చిన్నరాములు చేతులు దులుపుకుని, బావిలో మునిగి వచ్చి, నోట్లో మిగిలిన పల్లిగింజ కూడా నమలకుండా నడిచాడు. ఆ నడక బాలప్ప వైపుకు వంగి వంగి పోయింది. ఇరవై రెండేళ్లయింది. ఆ రోజు నుంచి బాలప్ప చిన్నరాములు గురించి లోకమంతా మాట్లాడాడు గానీ, చిన్నరాములుతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కింద పడిన పెడ్డలో పెద్ద ముక్కను ఏరుకొచ్చి, ఎర్రగుడ్డలో కట్టి, బస్సులో ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ పటం పక్కన పెట్టుకున్నాడు.

ఇక రోగం సంగతి. కంపెనీలో ఏటా తీసే ఎక్స్‌రేలో ఈసారి ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. మీసాలు రాకముందు నుంచి కాల్చిన బీడీలు మరి. పెద్దాసుపత్రికి పంపితే ఇంకో స్కాను తీశారు, వీపులోంచి సూది పెట్టి ముక్క తీశారు. క్యాన్సరే అన్నారు. ఆపరేషను చేసే డాక్టరమ్మ రమ్యశ్రీ సన్నగా, కోపమొచ్చినా తెలియనంత మెల్లగా మాట్లాడే మనిషి.

"రేగుపండంత గడ్డ. ఊపిరితిత్తిలో ఆ భాగం తీసేస్తే సరిపోతుంది. కానీ అది అక్కడే ఉందా, ఇంకెక్కడికైనా పాకిందా ముందు చూడాలి. పాకితే నేను కొయ్యను. కోసినా లాభం ఉండదు, మందులతో నెట్టుకురావడమే. అందుకే ఒళ్లంతా ఒక స్కాను తీస్తాం."

బాలప్పకు ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. "సర్వేనే గద మేడం. గెట్టు దాటిందా లేదా సూసుడు."

"అలాగే అనుకోండి."

"దాటే ఉంటది. నా నసీబుల గెట్టు మీద ఆగినోడు ఒక్కడు లేడు."

స్కానింగ్ సెంటరు పటాన్‌చెరు దాటి పట్నం వైపు పోయే దారిలో ఉంది. తోడు మనిషి లేకుండా రావద్దన్నారు. బీరమ్మ పోవాల్సింది, కానీ కూతురు ధనలక్ష్మికి ఏడో నెల. స్కాను చేయించుకున్న మనిషి ఒంట్లోంచి ఆ మందు దిగిపోయేదాకా కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి పోరాదట. ఇంట్లో కూతురి దగ్గర ఒకరుండాలి. బీరమ్మ ఆలోచించింది. మొగుడికి చెప్పకుండా గోడ అవతలికి పోయి వచ్చింది.

ఆ పొద్దున ఏడు గంటలకు చిన్నరాములు మోటారుసైకిలు గేటు ముందు ఆగింది. తెల్లచొక్కా, జేబులో ఫోను, వెనక సీటు తుడిచిన గుడ్డ చేతిలో.

బాలప్ప బీరమ్మ వైపు తిరిగి అడిగాడు. "ఈ బండి ఎవలిది?"

"ఎవలిదైతేంది? ఎక్కు."

"నేను నడిచి పోత."

"నిన్నటి సంది బరువు పనులు చెయ్యొద్దు, నడవొద్దు అన్నరు. సూదేసినంక ఆ మందు కండల్లకు పోతదంట. ఎక్కుతవా, నేను ఎత్తి కూసోబెట్టాల్నా?"

ఎక్కాడు. ఎక్కి, వెనక ఇనుప కమ్మీ పట్టుకున్నాడే గానీ ముందు మనిషి భుజం తాకలేదు. ఇస్నాపూర్ దగ్గర బండి గుంతలో పడి ఎగిరింది. పక్కన ఆగి ఉన్న టిప్పర్ వంక చూసి బాలప్ప అన్నాడు:

"ఎవలన్న జెర ఈ బండి నడిపేటోనికి చెప్పుండ్రి, సడక్ సూసి నడుపుమని. గిది ఎవని బాపు చెలక గాదు."

చిన్నరాములు కూడా టిప్పర్‌తోనే అన్నాడు. "ఎన్క కూసున్న పెద్దమనిషికి చెప్పుండ్రి, గట్టిగ పట్టుకొమ్మని. పడితె మా వదినె నన్ను బతకనియ్యది."

టిప్పర్ డ్రైవరు రాజస్థాన్ వాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "క్యా హువా భాయ్?" అన్నాడు. ముత్తంగి దాకా ఇట్లాగే ఒకసారి ఆటోకు, ఒకసారి బర్రెకు చెప్పుకుంటూ మాట్లాడుకున్నారు. అలవాటు చొప్పున ముత్తంగి దగ్గర బాలప్ప గొంతు లేచింది గానీ, మట్టిపెడ్డను కింద పడేసే ఆ ఘట్టాన్ని పల్లీలు తిన్నవాడి వీపుకే చెప్పడం ఎట్లా? మింగేశాడు.

సెంటరులో లక్ష్మీప్రసన్న అనే అమ్మాయి ఆయన వేలు గుచ్చి చక్కెర చూసింది, చేతి నరంలోకి సూది వేసింది. తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ఇటు ప్లాంటు ఉద్యోగానికి వస్తే ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట మాత్రం ఇంట్లోదే.

"ఇది చక్కెర లాంటి మందు అంకుల్. ఆ గడ్డకి చక్కెరంటే ఆశ ఎక్కువ. ఎక్కడుంటే అక్కడ లాక్కుంటుంది, మిషన్‌లో వెలుగుతుంది. కానీ పని చేసే కండ కూడా చక్కెర తింటుంది. నమిలితే దవడలు, చేతులు ఊపితే భుజాలు, మాట్లాడితే గొంతు. అన్నీ వెలిగాయంటే రోగం ఎక్కడుందో డాక్టర్‌కి తెలియదు. అందుకని ఒక గంట కదలకుండా పడుకోవాలి. ముఖ్యంగా మాట్లాడకూడదు."

"ఎంత సేపు?"

"గంట."

బాలప్ప ఆ పిల్ల మొహంలోకి చూశాడు. పరాచికమాడుతోందేమోనని.

గదిలో రెండు వాలుకుర్చీలు. ఒకదాంట్లో అప్పటికే సూది వేయించుకున్న పెద్దాయన ఉన్నాడు. రామలింగేశ్వరరావు అని కుర్చీకి చీటీ తగిలించి ఉంది. సర్కారు ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరై కిష్టారెడ్డిపేటలో అపార్టుమెంటు కొనుక్కున్న మనిషి. ఏళ్ల తరబడి సైరను మోతకు లేచి, సైరను మోతకు తిన్న క్రమశిక్షణ ఒళ్లంతా కనిపిస్తోంది. చేతులు పొట్ట మీద, చూపు పైకప్పు మీద, నోరు తాళం వేసినట్టు. బాలప్ప ఆయన్ని చూశాడు. మరోసారి చూశాడు.

ఈ మనిషికి కథ తెలియదు.

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా వినని చెవి లేదని బాలప్ప ఎప్పుడో లోలోపల బాధపడ్డాడు. కొత్తగా చేరిన బీహారు వాళ్లకు కూడా పాతవాళ్లు ముందే చెప్పేస్తున్నారు. ఇప్పుడేమో చేతికందేంత దూరంలో, కదలకుండా, లేచి పోలేకుండా, కొత్త చెవులు రెండు. దేవుడు పెట్టే పరీక్ష ఇంత నీచంగా ఉంటుందా?

కళ్లు మూసుకున్నాడు. దుర్గమ్మను తలచుకున్నాడు. గెట్టు దాటలేదని తేలితేనే కోస్తారు, కోస్తేనే బతుకు. ధనలక్ష్మి బిడ్డను ఎత్తుకోవాలి. నోరు మూసుకో బాలప్పా. కొంతసేపు బాగానే నడిచింది. ఏం చప్పుడో అని కళ్లు తెరిచాడు.

తలుపుకు అద్దం ఉంది. అద్దం అవతల హాలులో బెంచీ ఉంది. బెంచీ మీద చిన్నరాములు పొద్దున్నే ఏమీ తినకుండా బయలుదేరాడు కాబోలు, కాగితం పొట్లం విప్పుకుని పల్లీలు తింటున్నాడు. పొట్టు ఊదుతున్నాడు, గింజ నోట్లో వేసుకుంటున్నాడు.

బాలప్ప పళ్లు బిగించాడు. మాట్లాడలేదు. చెయ్యి చాపి అద్దం వైపు చూపించి, పక్కాయన వైపు తిరిగి, "వీడే" అన్నట్టు తల ఆడించాడు. రావుగారు కనుబొమ్మలు ఎగరేశాడు. అంతే చాలు. బాలప్ప రెండు చేతులతో గాలిలో చెలక గీశాడు. మధ్యలో గెట్టు గీశాడు. తాతను గీశాడు, చచ్చిపోయినట్టు చూపించాడు. రెండు చేతులూ పైకెత్తి నెత్తి మీద మట్టిపెడ్డ పెట్టుకున్నాడు. మొహం బాధగా పెట్టి కుర్చీలోనే కాళ్లతో నడిచాడు.

రావుగారు కంగారుగా గోడకున్న గంట నొక్కాడు. లక్ష్మీప్రసన్న పరుగెత్తుకొచ్చింది. రావుగారు తన తల పట్టుకుని, బాలప్ప వైపు వేలు చూపించాడు.

"తలనొప్పా అంకుల్?" అంది ఆ పిల్ల.

ఇరవై రెండేళ్ల కథకు తలనొప్పి అని పేరు పెడితే ఎవరు ఊరుకుంటారు?

"తలనొప్పి కాదు బిడ్డా! మట్టిపెడ్డ! అగో, ఆడ పల్లీలు బుక్కుతున్నడు సూడు, వాడు..."

కట్ట తెగింది. పోతిరెడ్డిపల్లి నుంచి మొదలు. లక్ష్మీప్రసన్న రెండుసార్లు నోటి మీద వేలు పెట్టి చూపించింది. అవతల గదిలో మిషన్ మీద ఇంకొకరు ఉన్నారు, ఆ పిల్ల పోక తప్పలేదు. బాలప్ప కంది దాటాడు, రుద్రారం దాటాడు. మెల్లగానే చెప్తున్నాననుకున్నాడు. బయట బెంచీల మీద వాళ్లు ఫోన్లు ఆపి వింటున్నారు. మూడు గుంటల పదకొండు గజాలకు చేరేసరికి మొహం చెమటతో మెరుస్తోంది. ఎన్నాళ్లకో కథ పూర్తిగా, కొత్త మనిషికి, ఒక్క స్పీడ్ బ్రేకరు లేకుండా చెప్పాడు.

అంతసేపూ పెదవి మెదపని రావుగారు అప్పుడు పైకప్పు మీంచి చూపు దించాడు. ఆయన క్రమశిక్షణ కూడా ఎక్కడో ఒకచోట తెగాలి కదా.

"మరి రీసర్వేకి అర్జీ పెట్టుకోకపోయారా అండీ?" అన్నాడు.

స్కాను బొమ్మలు చూసిన రోజు డాక్టరమ్మ రమ్యశ్రీ తెరను బాలప్ప వైపు తిప్పింది. తెర మీద నల్లటి మనిషి ఆకారం. ఎడమ రొమ్ములో రేగుపండు నిప్పుకణికలా ఉంది. అది సరే. గొంతు రెండు వైపులా దీపాలు పెట్టినట్టు వెలిగింది. మెడ వెలిగింది. భుజాలు వెలిగాయి. దండ చేతులు వెలిగాయి. బోనాల నాటి అమ్మవారి గుడిలా ఉన్నాడు బాలప్ప.

"ఆ గంటసేపు ఏం చేశారు మీరు?"

బాలప్ప నేల చూపులు చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ చిన్నరాములు గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఆ రొమ్ములది ఏందో నాకు ఎరుక లేదు. గొంతులది మాత్రం రోగం గాదు. అది నేనే."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. దాచుకుంది. "కావచ్చు. రెండు వైపులా ఒక్కలాగే ఉంది, మాటలదే అనిపిస్తోంది. గొంతులో గొట్టం వేసి చూస్తాం. కానీ ఈ మెడ కండల వెలుగు వెనక చిన్న గడ్డ ఏదైనా దాక్కుంటే నాకు కనిపించదు. అనుమానం మీద నేను కత్తి పట్టను. ఇంకోసారి స్కాను చెయ్యాలి. ఈసారి కూడా మాట్లాడితే," అని ఆగింది. "వచ్చే నెలకి ఆ రేగుపండు అక్కడే ఆగి ఉంటుందని నేను చెప్పలేను బాలప్ప గారూ."

ఆ సాయంత్రం బాలప్ప ఇంట్లోకి పోలేదు. వాకిలి ముందు ఆపిన ఖాళీ బస్సులో డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బీరమ్మ చాయ్ తెచ్చి ఇస్తే తాగాడు. ఎర్రగుడ్డ విప్పి మట్టిపెడ్డను చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ల గతుకులకు అరిగి అరిగి జామకాయంత అయింది. అప్పుడు నోరు తెరిచి భూమి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ తెరిచాడు.

"ఏమాలోచన?" అంది బీరమ్మ.

"ఏం లేదే. నోరు కుట్టేటోడు ఎవడన్న ఉన్నడా అని."

రెండో స్కాను రోజున చిన్నరాములు పిలవకుండానే బండి తెచ్చాడు. బాలప్ప ఎక్కాడు. దారిలో టిప్పర్లతో కూడా ఏమీ అనలేదు. సెంటరులో సూది వేయించుకుని, జేబులోంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. లక్ష్మీప్రసన్న కంగారుపడింది.

"మట్టి లోపలికి తేకూడదు అంకుల్!"

బాలప్ప రెండు చేతులూ జోడించాడు. ఒక్క మాట లేదు. పోయినసారి అవతలి గదిలోంచే విన్న ఆ పిల్లకు కథంతా తెలుసు మరి. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చి, మూటను అందులో పెట్టి, ముడి వేసి, ఆయన తల పైన కుర్చీ అంచు మీద పెట్టింది. "బరువు మొయ్యకూడదు. అక్కడుంటే మోసినట్టే అనుకోండి."

పక్క కుర్చీ ఖాళీగా ఉంది. రావుగారి సంగతి అడుగుదామనుకుని ఆగిపోయాడు. అద్దం తలుపు వైపు చూడకూడదనుకున్నాడు, చూశాడు. చిన్నరాములు అదే బెంచీ మీద ఉన్నాడు. ఈసారి గోడ వైపు తిరిగి, వీపు పెట్టి కూర్చున్నాడు. చేతిలో పొట్లం లేదు.

బాలప్ప కళ్లు మూసుకుని తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాడు.

తడిబట్టలు ఒంటికి అతుక్కున్నాయి. నెత్తి మీద పెడ్డ చల్లగా ఉంది, సన్నగా మట్టి నీళ్లు చెవి పక్క నుంచి కారుతున్నాయి. అడుగేశాడు. అరికాళ్ల కింద జొన్న కొయ్యలు గుచ్చుకున్నాయి. మోటబావి. బావి గట్టు మీద తాత కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు, పలకరించబోయి ఆగాడు. పెద్దమనుషులు చూస్తున్నారు. ఒకడు దగ్గాడు. అదిగో పల్లికాయలు. ఒలుస్తున్నాడు, ఊదుతున్నాడు. తినుర నాయనా, తిను. ఆకలైనోడు తినకేం చేస్తడు? కాళ్లు ఆగలేదు. కాలువ తూము దగ్గరైంది. తూము రాయి మీద తొండ ఒకటి తలాడిస్తోంది. ఇంకో అడుగు. ఇంకోటి. కాలి బొటనవేలు రాయికి తగిలింది.

"అయిపోయింది అంకుల్, లేవండి" అంది లక్ష్మీప్రసన్న.

లేచాడు. మాట్లాడలేదు. మిషన్ మీద పడుకుని చేతులు పైకి పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. దిగి చెప్పులు వేసుకున్నాడు. "ఇక మాట్లాడొచ్చండీ" అని ఆ పిల్ల మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూట పట్టుకుని బయటికి వచ్చి, బెంచీ ముందు నిలబడి, ఆ తెల్లచొక్కా వీపు మీద చెయ్యి వేశాడు.

"లేవుర. బండి తియ్యి."

చిన్నరాములు తిరిగి చూశాడు. చుట్టూ చూశాడు, ఈ మాట ఏ టిప్పరుకో అని. ఎవరూ లేరు.

"ఆఁ... వస్తున్ననే అన్నా" అన్నాడు.

బొమ్మలో మెడ నల్లగా, భుజాలు నల్లగా, గొంతు చీకటిగా ఉన్నాయి. ఎడమ రొమ్ములో ఒక్కటే నిప్పుకణిక. డాక్టరమ్మ దాని చుట్టూ పెన్నుతో గీత గీసి చూపించింది. "గెట్టు దాటలేదు."

ఊపిరితిత్తిలో పై భాగం తీసేశారు. గడ్డ పోయింది, గొంతు కూడా దానితో పాటే పోయింది. గొంతుకు పోయే నరం గడ్డకు ఆనుకునే ఉందట, దెబ్బ తగిలింది. అట్లా కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, బాలప్ప వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. ట్యాంకర్లను పక్కకు జరిపిన గొంతులోంచి ఇప్పుడు సైకిలు ట్యూబులో గాలి పోతున్నట్టు సన్నటి చప్పుడు వచ్చేది. పెద్ద బండి నడపడానికి పనికిరాడని కంపెనీ ఇంటికి పంపింది. దిగే రోజున ఎర్రగుడ్డ మూటను దుర్గమ్మ పటం పక్కనే వదిలేశాడు. ఎందుకని అడిగితే నవ్వి, నడక అయిపోయింది కదా అన్నట్టు చెయ్యి ఊపాడు.

కథ మాత్రం ఆపలేదు. సాయంత్రాలు చిన్నరాములు గోడ దాటి వచ్చేవాడు. తన బిల్డింగు నీడలోనే మంచం పక్కన చాప వేసుకుని, చెవి బాలప్ప నోటి దగ్గర పెట్టేవాడు. తనను తిట్టే తిట్లు అర్థం కాక, "ఏమన్నవే? ఇంకోపారి చెప్పు" అని అడిగి మరీ తిట్టించుకునేవాడు. లెక్క దగ్గర మాత్రం రోజూ తగువే. "మూడు గుంటలెక్కడివే అన్నా? రెండు గూడ ఉండదు" అనేవాడు. బాలప్ప రెచ్చిపోయి గాలి ఊదేవాడు. ధనలక్ష్మి కొడుకు మధ్యలో కూర్చుని ఇద్దరి నోళ్లూ చూస్తూ చప్పట్లు కొట్టేవాడు.

రెండో ఏడు వానకాలం ముందు రోగం మళ్లీ వచ్చింది. ఈసారి స్కానులో బాలప్ప నోరు మూసుకునే ఉన్నాడు. అయినా చాలా చోట్ల వెలిగింది. కొయ్యరాదన్నారు.

వానకాలం మొదలైన ఒక సాయంత్రం చినుకులు పడి ఆగాయి. బాలప్ప కథ చెబుతున్నాడు. చిన్నరాములు చెవి వంచి వింటున్నాడు. పోతిరెడ్డిపల్లి, కంది, రుద్రారం. ఇస్నాపూర్‌లో పెద్దమనుషులు చాలాసేపు కూర్చున్నారు. ముత్తంగి దగ్గర పెడ్డ పడింది. ఆ తర్వాత గాలి రాలేదు. చిన్నరాములు కాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. కంపెనీ గేటు రావాలి కదా. బీరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మూడు గుంటల పదకొండు గజాలే అన్నా" అన్నాడు చిన్నరాములు.

బస్సుకు మళ్లీ కొత్త డ్రైవరు వచ్చాడు. మాట్లాడని మనిషి. మొదటి రోజున ముందు అద్దం దగ్గర తుడుస్తూ ఎర్రగుడ్డ మూట విప్పి, మట్టి అని చూసి, కిటికీలోంచి విసరబోయాడు. ప్యాకింగులో పనిచేసే ముత్యమ్మ వెనక సీట్లోంచి కేకవేసింది. బీహారు వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. వాడు భయపడి ఉన్నచోటే పెట్టేశాడు. ఇప్పటికీ ఇస్నాపూర్ గతుకుల్లో అది కొంచెం కొంచెంగా రాలుతూ, దుర్గమ్మ పటం పక్కన నిమ్మకాయంత అయి ఉంది. పోయిన మూడు గుంటల పదకొండు గజాల్లో బాలప్పకు దక్కింది అదొక్కటే.